గుర్తు వేయని పిల్ల

నాకు అరవడం రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. గుంతకల్లులో మేమున్న రైల్వే క్వార్టర్సులో మా నాయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోయేవాడు. ఇంట్లో గిన్నె కింద పడితే అమ్మ కళ్ళు పెద్దవి చేసి చూసేది. అలా గొంతు తగ్గించుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని పెరిగాను. డైరీ రాసుకోవడం కూడా అప్పుడే అలవాటయింది. మనుషులకు చెప్పలేనివి కాగితానికి చెప్పడం నాకు సులువు. "ఏంటీ, కొంచెం గట్టిగా చెప్పు" అని కాగితం అడగదు.

మొదటి కాన్పు పుట్టింట్లో, గుంతకల్లులోనే జరిగింది. ఆ రోజు ప్రసవం గదిలో నేను పళ్ళు బిగించి పడుకుని ఉంటే ఒక నర్సు వచ్చి నా ముఖం చూసి, "ఈమెకు ఇంకా టైముంది" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. పక్క మంచంలో ఆమె పెడుతున్న కేకలకు కిటికీలో పావురాలు లేచిపోయాయి. ఆమెకు సాయంత్రం పుట్టాడు కొడుకు. నాకు మాత్రం, ఆ నర్సు వెనక్కి తిరిగి చూసేసరికే మా పాప తల బయటికి వచ్చేసింది. "చెప్పొద్దా తల్లీ!" అని ఆమె నన్ను కోప్పడింది. నేను చెప్పాననే అనుకున్నాను.

రెండో కాన్పు అత్తగారింట్లో చేయడం మా వైపు ఆనవాయితీ. మా అత్తగారి ఊరు ముదిగుబ్బకు దగ్గర. మామ గొర్రెలు సాకుతాడు. అత్త వేరుశనగ చేను చూసుకుంటుంది. మా ఆయన ముదిగుబ్బలో డ్రిప్పు పైపుల అంగడిలో పనిచేస్తాడు. ఈ ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం తెలియదు. చేనులో ఉన్న మనిషితో ఇంటి ముందు నిలబడే మాట్లాడతారు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళు రోజంతా పోట్లాడుకుంటున్నారని అనుకునేదాన్ని. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పుకోవడం కూడా అదే గొంతుతోనని తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నొప్పుల గురించి నేను పెద్దగా భయపడలేదు. నా భయమంతా పెద్దదాని గురించి. మా పాపకు అప్పటికి నాలుగేళ్ళు నిండబోతున్నాయి. పుట్టినప్పటి నుంచి ఆమె నా ఎడమ చెవి తమ్మె రెండు వేళ్ళతో పట్టుకుని నిమిరితే తప్ప నిద్రపోలేదు. దానికోసం నేను ఆ చెవి కమ్మ తీసేసి పడుకునేదాన్ని. ఇప్పుడు నా పక్కలో ఇంకొకరు వస్తే ఈమె ఏమవుతుంది? నా దగ్గరికి వస్తుందా, లేక నన్నే వదిలేస్తుందా? ఈ ప్రశ్న ఎవరినైనా అడిగితే నవ్వుతారని డైరీలో రాసుకున్నాను. రాసుకున్నాక భయం ఏమీ తగ్గలేదు.

పాపకు ముందే అన్నీ వివరంగా చెప్పాలని నా కోరిక. పిల్లల పెంపకం గురించి ఒక పుస్తకంలో చదివి, ఏ మాటలు వాడాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కానీ పాప ఆ ప్రశ్న వసారాలో, అందరూ అన్నాలు తింటున్నప్పుడు అడిగింది.

"అమ్మ కడుపెందుకు పెద్దగయింది?"

మామ ముందు ఆ సంగతి మాట్లాడాలంటే నాకు సిగ్గు. కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. మామే జవాబు చెప్పాడు.

"ఆసుపత్రికాడ సంత జరుగుతాది పాపా. మీ అమ్మ పోయి ఒక పిల్లను పట్టుకొస్తాది."

"మరి కడుపు?"

"దానికి పాలు కావాల కదా. ఇప్పుట్నించే నింపుకుంటాండాది."

పాప బాగా ఆలోచించి తల ఊపింది. "కొమ్ములుండేది తీసుకురా" అని నాకు చెప్పింది.

మామ చెప్పింది ఆమెకు అంత సులువుగా అర్థం కావడానికి కారణముంది. వారం వారం మామ ఆమెను బండి ముందు కూర్చోబెట్టుకుని గొర్రెల సంతకు తీసుకెళ్ళేవాడు. పిల్ల నోరు తెరిచి పళ్ళు చూడాలని, వెన్ను మీద వేళ్ళతో ఒత్తి కండ చూడాలని ఆమెకు తెలుసు. ధర నోటితో చెప్పరని, ఇద్దరూ ఒక తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని బేరం చేస్తారని, తువ్వాలు కప్పితే ఇక అది ఆట కాదని తెలుసు. ఇంటికి తెచ్చిన పిల్ల మేత ముట్టకపోయినా, కుంటినా, వాపసు ఇచ్చేయవచ్చని తెలుసు. నచ్చితే మాత్రం మామ కొబ్బరి చిప్పలో జాజు, అంటే గోడలకు పూసే ఎర్రమన్ను, నీళ్ళతో కలిపి దాని ఎడమ తొడ మీద రెండు గీతలు గీస్తాడు. ఆ రెండు గీతలు మా ఇంటి గుర్తు. గీత పడ్డాక వాపసు లేదు, బేరం లేదు. ఊళ్ళో ఎవరి మందలో కలిసినా అది మనదే.

పాప తప్పుగా అర్థం చేసుకుందని నాకు బాధగా ఉండేది. ఒకసారి ఆమె తల దువ్వుతూ, చిన్నపాప అమ్మ కడుపులోనే పెరుగుతుందని, ఆసుపత్రిలో సంత ఉండదని మొదలుపెట్టాను.

"నువ్వు సంతకు ఎప్పుడన్నా వచ్చినావా?" అని అడిగింది.

రాలేదన్నాను.

"మరి గమ్మునుండు."

వేరుశనగ పీకడం అయిపోయిన రోజులవి. ఇంటి ముందు చెట్లు కుప్పగా పోసి, అత్తా నేనూ నీడలో కూర్చుని కాయలు తెంపుతున్నాం. డాక్టరు చెప్పిన రోజుకు ఇంకా వారం పైనే ఉంది. గుంతకల్లు నుంచి అమ్మ కూడా ఆ లెక్కనే బయల్దేరుదామనుకుంది. పొద్దెక్కే కొద్దీ నా నడుములో ఏదో పట్టుకుని వదులుతోంది. పట్టుకున్నప్పుడు చేతిలో చెట్టును గట్టిగా బిగించేదాన్ని. వదిలాక మళ్ళీ తెంపేదాన్ని. అత్త నావైపు చూస్తున్నట్టే లేదు.

"ఏమ్మే, నొప్పులొస్తాండాయా?"

"లేదత్తా. ఏదో కొంచెం..."

"కొంచెమా? ఆ చెట్టుకు కాయలయిపోయి శానాసేపయింది. ఉత్త చెట్టును పీకుతాండావు."

చూసుకుంటే నిజమే. నా ఒళ్ళో ఆకులు తప్ప ఏమీ లేవు.

అత్త కొంగులోని మట్టి దులుపుకుని లేచింది. ఆమె చేతిలోనే ఫోను ఉంది, కానీ ఫోను చేయలేదు. వీధి చివర ఆటో ఉన్న అబ్బాయిని అరిచి పిలిచింది. అదే అరుపులో దొడ్డి దగ్గరున్న మామకు, అటువైపు నాలుగిళ్ళకు కూడా నా సంగతి తెలిసిపోయింది. సిగ్గుతో నేను తల ఎత్తలేదు.

సంచి ముందే సర్దిపెట్టి ఉంది. బిడ్డ పుట్టకముందు కొత్తబట్టలు కొనకూడదని అత్త తన పాత నూలు చీరలు ఉతికి, చింపి, మడతలు పెట్టి ఉంచింది. ఆ మడతల కింద నేనొక పుస్తకం, డైరీ దాచిపెట్టాను. అత్త సంచి ఎత్తి ఆగింది.

"ఇంత బరువుండాదేంది?"

"పుస్తకమత్తా."

"కనేదానికి పోతాండావా, పరీచ్చలు రాసేదానికి పోతాండావా?"

అయినా తీసి బయట పెట్టలేదు. మడతలు సర్ది, సంచి తనే మోసింది.

ఆటో కదిలేముందు పాప దొడ్డి దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చింది. జుట్టు నిండా గడ్డిపరకలు. నేను తల బయటికి పెట్టాను. ఆమె అలవాటుగా నా చెవి తమ్మె పట్టుకుని ఒకసారి నిమిరింది.

"కొమ్ములు మర్చిపోవద్దు" అంది.

టౌన్లో ఆసుపత్రికి పోయే దారి పొడుగునా గుట్టల మీద గాలిమరలు ఉన్నాయి. నొప్పి వచ్చినప్పుడల్లా నేను ఒక మరను ఎంచుకుని, దాని రెక్క పైనుంచి కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కేదాకా చూస్తూ ఉండిపోయాను. అంత పెద్ద రెక్కలు అంత నింపాదిగా తిరుగుతుంటే నాకూ తొందరేమీ లేదనిపించింది. ఆటో అబ్బాయి మాత్రం అద్దంలో మాటిమాటికీ చూస్తున్నాడు.

"పెద్దమ్మా, నిజంగా నొప్పులేనా? సప్పుడే లేదు."

"మా కోడలు సదువుకునింది. లోపల్నే అరుస్తాది. నువ్వు బిరీన పోనీరా."

ఆసుపత్రిలో తోడుగా ఒకరు లోపల ఉండవచ్చన్నారు. అత్త చెప్పులు విడిచి, కొంగు దోపుకుని నాతో వచ్చింది. ఒక నర్సు నా ముఖం చూసి, "ఇంకా శానా టైముండాదమ్మా, కొంచెంసేపు నడిపించండి" అంది. గుంతకల్లు సంగతి నేను అత్తకు ఎప్పుడో చెప్పి ఉంటాను. అత్త నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది.

"తల్లీ, దీని మొగం సూడొద్దు. మొగంలో ఏమీ కనపడదు. చేతులు సూడు."

నా చేతులు మంచం కడ్డీని పట్టుకుని ఉన్నాయి. కణుపులు తెల్లగా అయిపోయాయి. నర్సు చూసి, ఇంకేమీ అనకుండా నన్ను పడుకోబెట్టింది. తర్వాత ఆమె ఎవరినో పిలవడానికి గది అవతలికి వెళ్ళింది.

అప్పుడు వచ్చింది అసలైన నొప్పి. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆ అరచేయి చెక్కలా గట్టిగా ఉంది.

"అరువు మే. ఈడెవరుండారు నిన్ను సూసేదానికి?"

"రావడం లేదత్తా."

"ఏంది రావడం లేదు?"

"అరుపు."

అత్త నన్ను జాలిగా చూసింది. ఇంట్లో మిక్సీ పాడయిందని చెప్పినప్పుడు కూడా అలాగే చూసింది.

"సరే. నువ్వు నీ పని సూసుకో. ఆ అరిసేదేదో నేను అరుస్తా."

అని నిజంగానే మొదలుపెట్టింది. "అమ్మా! నాయనా! ఓరి దేవుడో! సచ్చిపోతాండానురో!" అని, గుట్ట అవతలి గొర్రెలను పిలిచే గొంతుతో. వరండాలో చెప్పుల చప్పుడు. నర్సు, ఆమె వెనక డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చారు. వచ్చి, నోరు మూసుకుని మంచం మీదున్న నన్ను, నిలబడి కేకలు పెడుతున్న అత్తను చూసి ఆగిపోయారు.

"ఎవరమ్మా కంటాండేది?" అని అడిగింది డాక్టరమ్మ.

"అదే. నేను దాని తరఫున" అంది అత్త.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. కడుపు మొత్తం కుదిపేసే నవ్వు, నొప్పి, రెండూ ఒకేసారి వచ్చి, ఏది ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు. డాక్టరమ్మ "ఊఁ, అట్లే, అట్లే" అంటుండగా, నేను నవ్వుతూ ఉండగానే నా రెండో కూతురు పుట్టింది. పుట్టగానే ఆమె పెట్టిన కేకతో గది గింగురుమంది. అత్త గొంతు. అందులో అనుమానమేమీ లేదు.

ఆడపిల్ల అని చెప్పినప్పుడు అత్త ఒక్క క్షణం ఊరుకుంది. ఆ క్షణాన్ని నేను గమనించాను. తర్వాత ఆమె బిడ్డను పాత చీర గుడ్డలో చుట్టి, వెలుతురు వైపు తిప్పి చూసింది.

"బాగుండాది. ముక్కు మాత్రం నీదే. ఏం చేస్తాం, సర్దుకోవాల."

మరునాడు పక్క మంచాల వాళ్ళను చూడటానికి వచ్చినవాళ్ళు నన్ను కూడా ఓదార్చి పోయారు. "మళ్ళీ ఆడపిల్లేనా?" అనేవాళ్ళు, నేను అడగకపోయినా. మా ఆయన అంగడి నుంచి వచ్చి మంచం అంచున కూర్చుని బిడ్డ కాలి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూస్తూ, ఆ మాటలేవీ వినిపించుకోలేదు. సాయంత్రం మామ వచ్చాడు. అదే మాట ఒకామె మామతో అంది.

"ఆడది ఉంటేనే కదమ్మా మంద పెరిగేది" అన్నాడు మామ. "పొట్టేళ్ళదేముంది. పండగొస్తే పోతాయి."

వార్డులో ఉన్న మగవాళ్ళంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ మాటకు నేను కోపం తెచ్చుకోవాలో వద్దో ఇప్పటికీ నిర్ణయించుకోలేదు. అప్పుడు మాత్రం దుప్పటి ముఖం మీదికి లాక్కుని నవ్వాను.

మామతోపాటు పాప కూడా వచ్చింది, ఆయన చెయ్యి పట్టుకుని. నేను చేతులు చాచాను. ఆమె నా వైపు రాలేదు, నేరుగా బిడ్డ దగ్గరికి వెళ్ళింది. పని మీద వచ్చిన మనిషిలా ఉంది. చూపుడు వేలితో పెదవి పక్కకు జరిపి చూసింది.

"పండ్లు లేవు."

"వస్తాయి పాపా" అన్నాడు మామ.

వీపు కింద చెయ్యి దూర్చింది. "కండ లేదు." తల మీద రెండు పక్కలా తడిమింది. నా వైపు తిరిగి, "కొమ్ములేవీ?" అని అడిగింది.

ఆమె చివరగా గుడ్డ పక్కకు తీసి ఎడమ తొడ చూసింది.

"ఇంగా గీత పడలేదు. వాపసు ఇచ్చేసి రాండి."

వార్డంతా నవ్వింది. పాప నవ్వలేదు. అప్పుడే బిడ్డ ఏడిస్తే నేను పాలు పట్టాను. బిడ్డ తల నా ఎడమ చేతి మీద, నా ఎడమ చెవి కింద ఉంది. పాప ఆ చోటును కాసేపు చూసింది. తర్వాత వెళ్ళి మామ భుజం మీది తువ్వాలు అంచు పట్టుకుని, దాన్ని రెండు వేళ్ళ మధ్య నిమరసాగింది.

"రాత్రి కూడా అట్లే పట్టుకుని పండుకునింది" అన్నాడు మామ సంతోషంగా. "ఏమీ పేచీ పెట్టలేదు."

నేను సరేనని తల ఊపాను. పేచీ పెట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక నన్నూ బిడ్డనూ లోపలి గదిలో ఉంచారు. గుమ్మానికి వేపాకు కట్టారు. పురుడయ్యేదాకా పాప ఆ గడప దాటకూడదని అత్త కట్టడి పెట్టింది. కట్టడి అవసరం లేకపోయింది. ఆమె దాటాలని చూడనే లేదు. రోజూ పొద్దున వచ్చి గడప అవతల నిలబడి, "ఇంగా పోలేదా?" అని బిడ్డను చూపించి అడిగి, దొడ్డికి పోయేది. అత్త నాకు వెల్లుల్లి కారం అన్నం కలిపి పెట్టేది. సాంబ్రాణి పొగ వేసేది. అన్నీ సవ్యంగా ఉన్నాయి. పాప గొంతు మాత్రం ఎప్పుడూ దూరం నుంచే వినిపించేది.

నేను పిలిచేదాన్ని. నా పిలుపు గది దాటితే వసారా దాటేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె కిటికీ అవతల గొర్రెపిల్లకు ఆకు తినిపిస్తూ కనిపించింది. నాకు ఏమయిందో తెలియదు, కడుపులోంచి "పాపా!" అని అరిచాను. దొడ్డిలో గొర్రెలన్నీ తలెత్తాయి. పొయ్యి దగ్గర అత్త చేతిలో గరిటె జారింది. పాప పరుగెత్తుకొచ్చి గడప దగ్గర నిలబడి నన్ను ఆశ్చర్యంగా చూసింది.

"నీకు అరిసేది వచ్చా?"

"వచ్చు."

"మరి రోజూ ఎందుకు అరవవు?" అని అడిగి, జవాబు వినకుండా గొర్రెపిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అత్తకూ మామకూ సంగతి అర్థమయింది. వసారాలో దాని మీద చర్చ జరిగింది. రహస్యంగా మాట్లాడుకుంటున్నామని వాళ్ళ నమ్మకం, కానీ నాకు ప్రతి మాటా వినిపించింది.

"తల్లి గొర్రె పిల్లను దగ్గరికి రానీకపోతే పిల్లకు ఉప్పు రాస్తాము" అన్నాడు మామ. "ఆ రుచికి నాకుతాది. నాకితే మరిగినట్లే. దీనికేం రాద్దాం?"

"నీ మనవరాలు గొర్రె కాదప్పా!"

"గొర్రయింటే ఈపాటికి అయిపోయుండు."

చివరికి మామ ముదిగుబ్బ నుంచి బొరుగులు, కారం మిఠాయి తెచ్చి, బిడ్డ తన అక్కకోసం తెచ్చిందని చెప్పి ఇచ్చాడు. పాప పొట్లం విప్పి, తింటూనే అంది: "దానికి పండ్లే లేవు. అంగడికెట్ల పోయింది?"

అమ్మ గుంతకల్లు నుంచి వచ్చింది. ఆమె రైల్లో కొన్న పలహారాలతో ప్రయత్నించింది. పాప అవీ తిన్నది.

పురుడు రోజు వచ్చింది. లేపాక్షి దగ్గర ఊరిలో ఇచ్చిన మా ఆడబిడ్డ పొద్దున్నే దిగింది. ఆమెది కూడా ఈ ఇంటి గొంతే. పైగా ఎవరినో ఒకరిని ఏడిపించనిదే ఆమెకు పొద్దు గడవదు. బిడ్డకు నీళ్ళు పోసి, చీర తొట్లెలో వేసి, పాటలు పాడి, ఆకుల్లో ఓళిగలు వడ్డించే ముందు ఆమె పాపను ఒళ్ళోకి లాక్కుంది.

"ఏమే, ఈ పిల్ల నీకొద్దంట కదా. నాకియ్యి. లేపాక్షికి తీసుకుపోయి పెద్ద బసవన్న మీద కూర్చోబెట్టి ఆడిస్తా."

"తీసుకుపో" అంది పాప.

"వట్టినే తీసుకుపోతే ఎట్ల? సంతలో తెచ్చిన పిల్ల. బేరం సేసుకునే పోతా." అని మామ వైపు తిరిగింది. "ఏం నాయనా, ఇస్తావా?"

కూతురి ముందు మామ చిన్నపిల్లవాడయిపోతాడు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు. ఇద్దరూ ముఖాలు గంభీరంగా పెట్టుకుని, తువ్వాలు కింద వేళ్ళు కదిలిస్తూ, తల అడ్డంగా ఊపుతూ, మళ్ళీ వేళ్ళు పట్టుకుంటూ మొదలుపెట్టారు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వుతున్నారు. నేను తొట్లె పక్కన కూర్చుని పాప ముఖమే చూస్తున్నాను.

ఆ ముఖంలో నవ్వు లేదు. తువ్వాలు కింద కదులుతున్న వేళ్ళను రెప్ప వేయకుండా చూస్తోంది. మామ చివరికి "సరే పో!" అని తువ్వాలు తీసి దులిపాడు. సంతలో బేరం తెగినప్పుడు అచ్చం అలాగే దులుపుతాడు. చూసేసరికి పాప అక్కడ లేదు.

అన్నాలకు పిలిచారు. నన్ను కూడా వసారాలో ఒక పక్కన కూర్చోబెట్టారు. ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటున్నాను, లోపల బిడ్డ ఏడ్చింది. ఆకలి ఏడుపు కాదు, చల్లగా ఏదో తగిలితే ఏడ్చే ఏడుపు. చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళాను.

తొట్లె కింద నేల మీద కొబ్బరి చిప్ప ఉంది. దాని చుట్టూ ఎర్రటి నీళ్ళ మరకలు. పాప పీట మీద నిలబడి, నాలుక కొంచెం బయటపెట్టి, తొట్లెలోకి వంగి ఉంది. మోచేతుల దాకా జాజు. బిడ్డ కట్టుగుడ్డ విప్పేసి ఉంది. ఎడమ తొడ మీద రెండు గీతలు. ఒకటి కొంచెం వంకరగా మోకాలి దాకా జారింది.

నా వెనకే వచ్చిన అత్త నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ, నీళ్ళు పోసి ఇంతసేపు కాలేదు కదే!" అని తడిగుడ్డ తెచ్చింది. పాప పీట మీదే చేతులు అడ్డం పెట్టింది.

"తుడవద్దు!"

ఆ అరుపుకు వసారాలో వాళ్ళంతా విస్తళ్ళ ముందు నుంచి లేచి వచ్చారు. ఆడబిడ్డ అందరికంటే ముందు.

"ఏమే, నా పిల్లనేం చేస్తివి?"

"నీది కాదు. గీత పడిపోయింది. ఇంగ బేరం లేదు."

"మొన్నటిదాకా వాపసు ఇయ్యమంటివే?"

"అది గీత పడకముందు."

మామ ముందుకొచ్చి, నిజమైన కొనుగోలుదారులు చూసేటప్పుడు వంగినట్టు వంగి, బిడ్డ తొడను పరిశీలనగా చూశాడు. లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"గీత వంకర పోయింది. కానీ మన గుర్తే" అని కూతురితో చెప్పాడు. "పోమ్మా, పోయి అన్నం తిను. సంత అయిపాయ."

అందరూ నవ్వుకుంటూ విస్తళ్ళ దగ్గరికి వెళ్ళారు. అత్త తడిగుడ్డను కాసేపు చేతిలో పట్టుకుని నిలబడి, చివరికి దానితో నేల మీది మరకలు తుడిచింది. బిడ్డ తొడ తుడవలేదు.

భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగింది. నేను బిడ్డను కుడిపక్కన వేసుకుని ఒరిగాను. పాప గడప దగ్గరికి వచ్చి వేపాకు కింద నిలబడింది. పురుడయిపోయింది కాబట్టి ఇప్పుడు దాటవచ్చు. అయినా నేను పిలవలేదు. పిలిస్తే పోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా వదిలాను. ఆమె లోపలికి వచ్చి, నన్ను కాదని బిడ్డ దగ్గరికి వెళ్ళి, గుడ్డ ఎత్తి గీతలు అలాగే ఉన్నాయో లేదో చూసుకుంది. ఉన్నాయి. అప్పుడు చుట్టూ తిరిగి వచ్చి నా ఎడమ పక్కన పడుకుంది. పచ్చి మన్ను వాసన వచ్చింది. తడి ఆరీ ఆరని రెండు వేళ్ళు నా చెవి తమ్మెను వెతుక్కుని పట్టుకున్నాయి.

"అమ్మా, దీనికి కొమ్ములు ఎప్పుడొస్తాయి?"

"రావు."

ఈసారి నేను సిగ్గుపడలేదు. ఆమె కూడా నాకు సంత తెలియదని అనలేదు.

"మరి దీన్నేం చేయాల?"

"సాకాల."

"ఊఁ" అంది. ఆ వేళ్ళు నిమురుతూ నిమురుతూ ఆగిపోయాయి.

మరునాడు పొద్దున అత్త నాకు తలకు నీళ్ళు పోయడానికి జుట్టు విప్పి, పక్కకు తీసి, ఆగింది. నా ఎడమ చెవి దగ్గరికి వంగి చూసింది.

"ఏమ్మే, నీకూ గీసినట్టుండాదే!" అని, చెవి మీద నీళ్ళు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, చెంబు ఎత్తింది.